చీటీ మీద టైము

గజం భార్య పంపిన ఆఖరి కబురును గోల్ఫు మైదానంలో వరసగా ఆటలు మొదలుపెట్టించే స్టార్టరు రెండు గంటలసేపు తన దగ్గరే పెట్టుకు కూర్చున్నాడు. ఇందులో వాదనకు చోటు లేదు. చీటీ మూలన రెండున్నర అని వేసి ఉంది. అది అతని చేతికందింది నాలుగున్నరకి. ఆమె నాలుగింటికి పోయింది. ఆసుపత్రికి బస్సులో నలభై నిమిషాలు. మిగిలింది ఎవరైనా వేసుకోగల లెక్క. "ఇప్పుడే వచ్చింది" అన్నాడు స్టార్టరు చీటీ ఇస్తూ. తన చేత్తో తనే వేసిన టైము ఆ మూలన కనిపిస్తూనే ఉంది.

ఆరేళ్ళుగా గజం ఆ మనిషికి తల ఊపడమే తప్ప నోరు విప్పింది లేదు.

గజం అతని పేరు కాదు. బంతి పడ్డ చోటి నుంచి జెండా దాకా ఎంత దూరమో కంటితో చూసి చెబుతాడు. గజం తేడా రాదు. ఆ పొద్దున, బ్యాగులు మోసే కేడీల షెడ్డులో అతను తువ్వాలును సగం వరకే బకెట్లో ముంచి పిండుతున్నాడు. తడి సగం బంతి కొట్టే క్లబ్బులు తుడవడానికి, పొడి సగం ఆడేవాళ్ళ చేతులకి. పద్నాలుగేళ్ళు బ్యాగులు మోసి మోసి కుడి భుజం రెండు వేళ్ళు కిందికి దిగింది. చొక్కాలన్నీ అక్కడే చిరుగుతాయి. భార్య ఉన్నన్నాళ్ళూ లోపలి నుంచి ఆ భుజానికి మందపు గుడ్డ వేసి కుట్టేది. ఇప్పటి చొక్కాలకు ఆ గుడ్డ లేదు.

"స్టార్టరు ముసలాడు ఇవాళ్టితో దిగిపోతున్నాడు, తెలుసా?" అన్నాడు రేడియో. షెడ్డులో అతను నోరు మూసుకున్న క్షణాన్ని చూసినవాళ్ళు లేరు కాబట్టి ఆ పేరు. "మూడున్నరకి తాళాలు అప్పగించేసి కూతురి దగ్గరికి పోతాడట. అడిగేదేదో ఇవాళే అడిగెయ్. ఆరేళ్ళుగా మా చెవులు తినేశావు."

"అడుగుతా."

"ఏమని?"

గజం తువ్వాలును మరోసారి పిండాడు. ప్రశ్న ఒక్కటే. నీ భార్య కబురే అయితే ఆపేవాడివా? ఇంట్లో గిన్నెలు తోముతూ, పంపు దగ్గర నిలబడి, ఎన్నిసార్లు అప్పజెప్పుకున్నాడో. అక్కడ ఒక్కసారి కూడా తడబడలేదు.

ఆ మైదానంలో పద్ధతి అది. ఆడేవాళ్ళయినా, మోసేవాళ్ళయినా, ఫోన్లు లాకర్లలో పెట్టి లోపలికి రావాలి. ఫోను స్టార్టరు గదిలో ఒక్కటే ఉంటుంది. వచ్చిన కబురు స్టార్టరు పెన్సిలుతో చీటీ మీద రాసి, మూలన టైము వేసి, గోడకున్న మేకుకు గుచ్చుతాడు. ఆఖరిదైన పద్దెనిమిదో హోలు పూర్తయ్యాకే ఎవరి చీటీ వాళ్ళకి అందుతుంది. ఆట మధ్యలో మనసు చెదరకూడదట. ఈ పద్ధతి పెట్టినవాడు జీవితంలో బ్యాగు మోసి ఉండడు.

పదకొండున్నరకి నలుగురు స్నేహితులు వ్యాను దిగారు. మూడు రోజుల ఆటయాత్ర. రెండు మైదానాలు ఆడేసి, అన్నిటికంటే కష్టమైనదని దీన్ని ఆఖరికి ఉంచుకున్నారు. గజం వంతుకు వచ్చినాయన టైల్సు దుకాణం యజమాని. బొద్దు మనిషి, కొత్త బూట్లు. మొదటి హోలు చుట్టూ నున్నగా కత్తిరించిన గ్రీను మీదే వంగి అరచేత్తో గడ్డిని నిమిరాడు.

"ఎడమకి వాలు ఉంది," అన్నాడు.

గజం మొదటిసారి ఆయన వైపు సరిగ్గా చూశాడు. "వేలెడు, సార్."

"ముప్పై ఏళ్ళుగా నేల సమంగా ఉందా లేదా చూడటమే నా పని. ఆడటం మాత్రం రాదు."

ఆ మాట నిజమే. పైగా అక్కడి దిబ్బలు గాలి పోసినవి కావు, మెషీన్లు పోసినవి. ఎక్కడ బంతి పడాలని మనిషి అనుకుంటాడో సరిగ్గా అక్కడే ఇసుక గుంట తవ్వించారు. ఆపైన సముద్రపు గాలి. మూడో హోల్లో మొహానికి కొట్టేది నాలుగో హోల్లో వీపుకు కొడుతుంది. తొమ్మిదో హోల్లో కొండచరియకూ కొండచరియకూ మధ్య నీళ్ళ మీదుగా బంతిని దాటించాలి. టైల్సాయన మూడు బంతులు కొట్టాడు. మూడూ నీళ్ళలోకే.

"సముద్రం నీకు చుట్టమా బావా, పెట్టిందే పెడుతున్నావు?" అన్నాడు పొడుగాటి స్నేహితుడు.

"అడిగింది. కాదనలేకపోయాను," అన్నాడు టైల్సాయన. అందరూ నవ్వారు. గజం నాలుగో బంతి తీసి తుడిచి ఇచ్చాడు.

తొమ్మిది హోల్స్ సముద్రం వెంట పోయి, మళ్ళీ స్టార్టరు గది దగ్గరికే తిరిగొస్తాయి. వాళ్ళు పదో హోలు మొదలుపెట్టే చోటికి ఎక్కుతుండగా గది తలుపు తెరుచుకుంది. స్టార్టరు బయటికొచ్చాడు. మోకాళ్ళు పోయి మూడేళ్ళుగా కుర్చీలోంచే అన్నీ నడిపిస్తున్న మనిషి, చేతికర్ర కూడా మరిచి ఆ ఎత్తు ఎక్కి వస్తున్నాడు. చేతిలో చీటీ ఉంది.

"సార్, మీకే. మీ అక్కగారికి బాగోలేదట. మిమ్మల్ని అడుగుతున్నారట. ఇప్పుడే వచ్చింది."

చీటీ టైల్సాయనకిస్తూ స్టార్టరు చూసింది మాత్రం గజం వైపు. గజం చీటీ మూల చూశాడు. ఒంటిగంటా నలభై. చేతి గడియారం చూసుకున్నాడు. ఒంటిగంటా నలభై మూడు.

మూడు నిమిషాలు. అతిథి కదా. అతిథి అయితే మూడు నిమిషాలు. కేడీ అయితే రెండు గంటలు.

టైల్సాయన చీటీ రెండుసార్లు చదివాడు. నలుగురూ దగ్గరికి చేరారు.

"వెళ్దామా బావా?"

"ఆరు గంటల దారి. ఇప్పటికి నాలుగుసార్లు ఇలాగే రమ్మన్నారు. పరుగెత్తుకుంటూ పోతే మంచం మీద కూర్చుని, ఏరా, దుకాణం ఎవరికి వదిలొచ్చావ్ అని తిడుతుంది." చీటీ మడిచి ప్యాంటు జేబులో పెట్టుకున్నాడు. "ఆడేసి పోదాం. మీ యాత్ర కూడా పాడుచేసినట్టు ఎందుకు?"

గజం నోటి దాకా వచ్చింది. వెళ్ళండి సార్, అని. కానీ కేడీ అన్నవాడు, దూరం అడిగితే దూరం చెప్పాలి, గాలి అడిగితే గాలి చెప్పాలి, అడగనిది చెప్పకూడదు. బ్యాగు భుజానికెత్తుకున్నాడు. స్టార్టరు ఇంకా అక్కడే, పక్కనే ఉన్న చెక్క గుంజ పట్టుకుని నిలబడి ఉన్నాడు. అడగడానికి అదొక అవకాశమే. నలుగురు అతిథుల ముందు ఏం అడుగుతాడు? తల ఊపాడు. ముందుకు నడిచాడు.

అక్కడి నుంచి ఆట నత్తనడకన సాగింది. టైల్సాయన కొట్టే ప్రతి బంతీ గాలికి లోబడి గడ్డిపొదల్లోకి పోయింది. నవ్వులు తగ్గాయి. గజం మాటిమాటికీ గడియారం చూసుకున్నాడు. రెండున్నర. మూడు. మూడున్నరకి తాళాలు. పద్నాలుగో హోలు చేరేసరికి ఆ టైమూ దాటింది.

పద్నాలుగో హోలు గ్రీను పక్కన గుంట మనిషి నిలువు లోతు. చుట్టూ చెక్కలు నిలబెట్టి గోడ కట్టారు. దిగడానికి ఐదు మెట్లు. బంతి ఆ గోడ కిందే ఆగింది. టైల్సాయన దిగాడు. కొట్టాడు. ఇసుక లేచింది, బంతి చెక్కకి తగిలి కాళ్ళ దగ్గరికే వచ్చింది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ.

"మీరు పదండి, వస్తాను," అన్నాడు స్నేహితులతో, లోపలి నుంచే.

వాళ్ళు ముందుకెళ్ళారు. గజం పైన, ఇసుక చదును చేసే దంతె పట్టుకుని, తన నీడ గుంటలో పడకుండా పక్కకి జరిగి నిలబడ్డాడు. ఏడోసారి. ఎనిమిదోసారి.

వెనక కంచె పక్క దారిలో అడుగుల చప్పుడైంది. రోడ్డెక్కాలంటే అదే దారి. స్టార్టరు. చంకలో సంచి, ఈసారి చేతికర్ర ఉంది. ఇంటికి పోతున్నాడు.

"ఇంకోటి వచ్చింది," అన్నాడు మెల్లగా. చీటీ చాచాడు. "నువ్వే ఇవ్వు. ఎప్పుడివ్వాలో నాకు తెలియదు. అప్పుడూ తెలియలేదు."

గజం అందుకుని చదివాడు. అక్క పోయింది. మూడుంబావు.

స్టార్టరు కదల్లేదు. "ఏమైనా అడుగుతావా?"

ఆరేళ్ళ ప్రశ్నకు మొదటి మాటే దొరకలేదు. పంపు దగ్గర, గిన్నెల దగ్గర ఎన్నడూ తడబడనిది.

"అప్పుడూ టైము వేశారు," అన్నాడు గజం చివరికి.

"వేస్తాను. ఎప్పుడూ వేస్తాను."

స్టార్టరు సంచి సర్దుకుని, కర్ర ఆనించుకుంటూ కంచె వెంట పోయాడు. వంపు తిరిగేదాకా కర్ర చప్పుడు వినిపించింది.

గుంటలోంచి ఇసుక గుప్పున లేచింది. బంతి గోడ దాటి, గ్రీను మీద పడి, వాలు వెంట వేలెడు ఎడమకి తిరిగి, నేరుగా జెండా కిందికి జారిపోయింది. టిక్కుమంది.

"పడిందా? పడిందా లోపల?" టైల్సాయన మెట్లన్నీ ఒక్క ఊపున ఎక్కాడు. మొహం నిండా ఇసుక, కనుబొమల్లో ఇసుక. "చూశావా గజం! ఎన్నో దెబ్బ?"

"తొమ్మిది, సార్. గుంటలో."

"తొమ్మిదైతేనేం! అక్కకి చెప్పాలిది. చిన్నప్పుడు గోళీల్లో ఒక్కసారి నన్ను గెలవనిచ్చేది కాదు. ఒక్కసారి!"

గజం చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది. కాగితం మడత వేలికి తగిలింది. ఆయన బంతి తీసి ముద్దు పెట్టుకుంటున్నాడు. ఇప్పుడిస్తే ఎలా? పదిహేనో హోలు దగ్గర ఇద్దామనుకున్నాడు. అక్కడ పొడుగాయనకు గుంట కథ చెబుతూ ఆయన చేతులు ఊపుతున్నాడు. పదహారులో గాలి ఎదురొచ్చింది. పదిహేడులో దూరం అడిగాడు. "నూట నలభై," అన్నాడు గజం. నిజానికి నూట ముప్పై. పద్నాలుగేళ్ళలో మొదటిసారి తప్పాడు. బంతి గ్రీను దాటి పొదలో పడింది. "నా చెయ్యే బలంగా పడింది," అని టైల్సాయన సర్దిచెప్పుకున్నాడు.

పద్దెనిమిదో హోలు అయ్యేసరికి నాలుగూ నలభై అయిదు. నలుగురూ చేతులు కలుపుకున్నారు. గజం తువ్వాలు పొడి సగం ఆయనకి అందించాడు. ఆయన చేతులు తుడుచుకునేదాకా ఆగి చీటీ ఇచ్చాడు.

"ఇప్పుడే వచ్చింది, సార్."

ఆ మాట అతను అనుకుని అన్నది కాదు. దానంతట అదే వచ్చింది. ఆరేళ్ళుగా చెవిలో ఉన్న మాట, అదే గొంతుతో.

టైల్సాయన చదివాడు. బొటనవేలు కిందికి జారి కాగితం మూల మీద ఆగింది. గడియారం చూసుకోలేదు. గజం మొహం చూశాడు. కేకలేస్తాడనుకున్నాడు గజం. కొడతాడనుకున్నాడు. కొడితే బాగుండును.

"సరే," అన్నాడు ఆయన.

తువ్వాలుతో పాటు చీటీ కూడా గజం చేతిలోనే పెట్టి వ్యాను వైపు నడిచాడు. పొడుగాయన వెనకాలే పరుగెత్తాడు. తలుపు మూసుకుంది. బ్యాగు గజం భుజానే ఉండిపోయింది.

షెడ్డు దగ్గర రేడియో ఎదురొచ్చాడు. "ముసలాడు వెళ్ళిపోయాడు. కంచె దారిన నీ వైపే వచ్చాడుగా! అడిగావా లేదా?"

"ఆ మాట ఇంక నా దగ్గర ఎత్తకు. నేనూ ఎత్తను."

"అదేంటి, ఆరేళ్ళుగా..."

"ఎత్తనన్నాను."

తర్వాత అతను ఎత్తనూ లేదు, ఎవర్నీ ఎత్తనివ్వనూ లేదు.

టైల్సాయన బ్యాగును రేపు పంపించడానికి స్టార్టరు గదిలో గోడకి చేర్చాడు గజం. కుర్చీ ఖాళీగా ఉంది. మేకుకున్న పాత చీటీలన్నీ తీసేసి, గోడ తుడిచి పోయాడు స్టార్టరు. గజం చొక్కా జేబులోంచి టైల్సాయన తిరిగిచ్చిన చీటీ తీసి, మడత విప్పి, మేకుకు గుచ్చాడు. కిటికీలోంచి వచ్చే గాలికి అది కాసేపు టపటపలాడి, టైము ఉన్న మూల పైకి లేచి, అలాగే ఉండిపోయింది.