కేలెండరు మీది ఇల్లు

"గొంతు వణకాల్సింది ఇక్కడ కాదమ్మా. మీ నాన్న సంగతి చెప్పేటప్పుడు వణకాలి. ఇంటి దగ్గరకొచ్చేసరికి నవ్వాలి," అన్నారు వరప్రసాదం గారు.

"ఆయ్," అంది రత్నమాల.

పొద్దున్న టీ తాగిన దగ్గర్నుంచీ ఇదే పని. నాగపూర్‌లో ఒక కాలేజీ తరగతి గది అది. బెంచీలు గోడకు జరిపి ప్రతినిధులకు పడకలు వేశారు. మిగతా ఆడపిల్లలంతా ఊరు చూడటానికి వెళ్ళారు. ఈ పిల్లకు మాత్రం ఎక్కడ ఏడవాలో, ఎక్కడ నవ్వాలో నేర్పుతున్నారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక జాతీయ క్రైస్తవ సంఘ మహాసభలో ఆమె సాక్ష్యం చెప్పాలి.

రత్నమాల అమలాపురంలో సంఘం హాస్టల్లో ఉండి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. వాళ్ళ పేట ఐ.పోలవరం పక్కన. మహాసభకు ప్రతి ప్రాంతం నుంచీ ఒక విద్యార్థి, ఒక స్త్రీ, ఏదైనా విపత్తులో దెబ్బ తిన్నవాళ్ళలో ఒకరు రావాలని నియమం. తమ ప్రాంతపు సంఘాల సెక్రటరీ వరప్రసాదం గారు ఒక్క రైలు టిక్కెట్టుతో మూడు నియమాలూ తీర్చేశారు. ఆయన పొదుపరి.

రెండేళ్ళ కిందట తొంభయ్యారు నవంబరు తుపానులో రత్నమాల తండ్రి పోయాడు. ఆయన కొబ్బరి దింపు చేసేవాడు. చెట్టెక్కి గెలలు దింపితే చెట్టుకు రెండు రూపాయలు. ఇన్నేళ్ళలో ఏ చెట్టూ ఆయన్ని కింద పడేయలేదు. ఆ రాత్రి చెట్టే వచ్చి పాక మీద పడింది. తల్లి వీరాయమ్మ కొబ్బరి డొక్కలు నానబెట్టి పీచు కొట్టే పనికి వెళుతుంది. రోజుకు పాతిక రూపాయలు. తోటలన్నీ నేలకూలాక డొక్కలెక్కడివి? వారానికి రెండు రోజులు పని దొరికితే గొప్ప. కూలిన పాక మీద ఒక ప్లాస్టిక్ పట్టా కప్పుకుని తల్లి, చెల్లి అందులోనే ఉంటున్నారు.

పేటలో నలభై ఇళ్ళు కట్టడానికి విదేశాల విశ్వాసులు డబ్బు పంపారు. లేచింది ఒక్క ఇల్లు. అదీ వరప్రసాదం గారి బావమరిది స్థలంలో లేచింది. దాని ముందు ఒక్కొక్క కుటుంబాన్నీ నిలబెట్టి ఫోటో తీశారు. చేతిలో తాళంచెవి పెట్టడం, నవ్వమనడం, ఫోటో అవగానే ఆ చెవి పుచ్చుకుని వెనకున్నవాళ్ళ చేతిలో పెట్టడం. అన్నీ ఒకే ఇల్లని తెలిసిపోతుందేమోనని మధ్యలో పని ఆపి తలుపుకు నీలం రంగు కొట్టించారు. సగం పేట ఆకుపచ్చ తలుపు ముందు, సగం పేట నీలం తలుపు ముందు గృహప్రవేశం చేసుకుంది. ఎవరూ కాదనలేదు. ఫోటోలో లేనివాళ్ళకు ఇల్లు రాదన్నారు మరి. పేదవాడి నోరు మూయించడానికి కర్ర అక్కర్లేదు, రేపు ఏదో ఇస్తామంటే చాలు.

అన్ని ఫోటోల్లోకీ వీరాయమ్మది బాగా వచ్చింది. మొగుడు పోయి అప్పటికి ఆరు నెలలు కాలేదు. అయినా నవ్వమంటే నవ్వింది. ఆ నవ్వునే ఆ విదేశీ సంఘం వాళ్ళు మరుసటేడు కేలెండరు మీద అచ్చు వేసుకున్నారు. ఆ కేలెండరు తల్లి కూతురే ఈ రోజు సాక్ష్యం చెప్పేది.

"రెండో విడత డబ్బు ఇవాళ నీ నోట్లో ఉందనుకో," అన్నారు వరప్రసాదం గారు లేస్తూ. "వచ్చిందంటే మొదటి ఇల్లు మీ అమ్మదే. రాలేదనుకో, మీ హాస్టల్ ఖర్చు కూడా సంఘం ఎక్కడినుంచి తెస్తుంది చెప్పు? నువ్వు చదువుకున్నదానివి. నేను వేరే చెప్పక్కర్లేదు."

బయట వరండాలో నతానియేలు కూర్చుని ఉన్నాడు. పేట గుడికి పెద్ద, రత్నమాలకు వరసకు పెదనాన్న. పెద్దల తరఫున ప్రతినిధిగా వచ్చాడు. ఇక్కడి భాష రాక, రెండు రోజులుగా ఎవరు నవ్వితే వాళ్ళతో తనూ నవ్వుతున్నాడు.

"పెదనాన్నా, నేను చెప్పలేనండి. మైకు ముందు నిలబడి అబద్ధం ఎలా చెప్పను?"

నతానియేలు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"నిజం సెప్తే ఏవవుద్దో ఆలోచించేవా? ఆళ్ళు డబ్బు ఆపేత్తారు. వరప్రసాదం గారికేటి, ఆయనకి మేడుంది. తడిసేది మనమే కదమ్మా. నలభై కొంపలోళ్ళూ నన్నడుగుతారు, పిల్లని తీసుకెళ్ళి ఏం సేసేవని."

"అబద్ధం చెబితే మాత్రం ఇస్తారా?"

"ఇత్తారో ఇవ్వరో. ఇవ్వరని సెప్పి బతకలేం కదా."

 బయల్దేరేటప్పుడు తల్లి అన్న మాటా అలాంటిదే. "మీ నాన్న ఎలాగా రాడు. ఇల్లన్నా రానీ. ఆళ్ళు ఏం సెప్పమంటే అదే సెప్పెయ్యి," అని కూతురి జడ బిగించి అల్లింది వీరాయమ్మ. అమ్మ మీద కోపం రాలేదు రత్నమాలకు. అమ్మను అంతదాకా తెచ్చినవాళ్ళ మీద వచ్చింది. కానీ ఆ కోపం తీసుకుని ఎక్కడికి వెళ్ళాలో తెలియలేదు.

హాలు నిండిపోయింది. వేదిక మీద ఒక పక్క మనిషెత్తు చట్రంలో వీరాయమ్మ ఫోటో నిలబెట్టారు. రత్నమాల అది ఊహించలేదు. అమ్మ చేతిలో తాళంచెవి, వెనక నీలం తలుపు. అంత పెద్దది చేసేసరికి, తలుపు అంచుల్లో కింద ఉన్న ఆకుపచ్చ రంగు కూడా కనిపిస్తోంది. అది ఏమిటో ఆ హాల్లో తెలిసినవాళ్ళు ముగ్గురే.

రత్నమాల పక్కనే ఇంకో మైకు దగ్గర వరప్రసాదం గారు నిలబడ్డారు. ఆమె తెలుగులో ఒక వాక్యం చెబితే ఆయన ఇంగ్లీషులో చెప్పాలి. తండ్రి సంగతి రాగానే గొంతు వణికింది. నేర్పినందుకు కాదు, నిజంగానే వణికింది. వరప్రసాదం గారు మెచ్చుకోలుగా చూశారు. వాళ్ళ పేటలో ఎవరైనా సాక్ష్యం చెబుతుంటే మాట మాటకీ ఆడవాళ్ళు "స్తోత్రం" అంటారు. చెప్పేది అబద్ధమని తెలిస్తే మాత్రం ఒక్కరూ నోరు విప్పరు. ఇక్కడి వాళ్ళకు ఏది నిజమో ఎలా తెలుస్తుంది? ఏం చెప్పినా తల ఊపుతున్నారు.

ఇంటి మాటకు వచ్చేసరికి నోరు ఆగిపోయింది.

అప్పుడు ముందు వరసలోంచి తెల్లజుట్టు విదేశీ ముసలావిడ లేచింది. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. వీరాయమ్మ ఫోటో వైపు చూపించి నెమ్మదిగా ఏదో అడిగింది. ఆ ఇంగ్లీషు రత్నమాలకు అర్థమైంది. వానకి ఇల్లు కారడం లేదు కదా, మీ అమ్మ హాయిగా నిద్రపోతోందా అని.

మనసు మంచిదే ఆవిడది. అందుకే భరించలేకపోయింది రత్నమాల. అక్టోబరు వాన ఇప్పుడక్కడ కురుస్తూ ఉంటుంది. అమ్మ, చెల్లి పట్టా కింద గిన్నెలు పెట్టుకుని కూర్చుని ఉంటారు.

"కారట్లేదని చెప్పమ్మా," అన్నారు వరప్రసాదం గారు పెదాలు కదలకుండా.

"అది మా ఇల్లు కాదండి. మాకు ఇల్లు ఇవ్వలేదు. పేటలో ఎవరికీ ఇవ్వలేదు."

ఆయన మొహం మీద చిరునవ్వు చెక్కుచెదరలేదు. ఈ బిడ్డ సంతోషంతో మాట్లాడలేకపోతోంది, మీ అందరికీ కృతజ్ఞతలు చెబుతోంది అని ఇంగ్లీషులో చెప్పారు. హాలంతా చప్పట్లు కొట్టింది. ముసలావిడ కళ్ళు తుడుచుకుని కూర్చుంది. నతానియేలుకు ఆ ఇంగ్లీషు తెలియదు. తెలిసింది రత్నమాల అన్న తెలుగు ఒక్కటే. ఆయన చేతులు ఒళ్ళోనే ఉండిపోయాయి.

ఇక చాలు, దిగిపొమ్మని వరప్రసాదం గారు సైగ చేశారు. దిగిపోతే సరిపోయేది. చప్పట్లు ఎలాగూ వచ్చాయి, డబ్బూ వస్తుంది. అమ్మకు అన్యాయం చేసినట్టూ ఉండదు. రత్నమాల మైకును రెండు చేతులా పట్టుకుంది.

"నో హౌస్," అంది. వచ్చిన ఇంగ్లీషంతా కూడదీసుకుని, ఆ ముసలావిడ ఒక్కదానికే చెబుతున్నట్టు చెప్పింది. "దట్ ఈజ్ నాట్ అవర్ హౌస్, మేడమ్. మై మదర్ హాజ్ నో హౌస్."

చప్పట్లు ముందు వరసల్లో ఆగి, వెనక వరసల్లో ఇంకాసేపు మోగి, అవీ ఆగాయి. వరప్రసాదం గారు దగ్గరకొచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నారు. "ఎంతమంది కడుపు కొట్టేవో తెలుసా నీకు," అన్నారు. ఆ మాట మైకులో పడి హాలంతా తెలుగులో వినిపించింది. దాన్ని ఇంగ్లీషులో చెప్పడానికి ఎవరూ లేరు.

ప్రతినిధుల బెంచీల్లోంచి నతానియేలు లేచాడు. భుజం మీది కండువా తీసి చేతిలో పట్టుకుని, అడ్డం వచ్చిన కుర్చీలు జరుపుకుంటూ వేదిక వైపు నడిచి వస్తున్నాడు. తనను కిందికి లాగడానికి వస్తున్నాడో, తన పక్కన నిలబడటానికి వస్తున్నాడో రత్నమాలకు తెలియలేదు. మణికట్టు నొప్పి పెడుతోంది. మైకు మాత్రం వదల్లేదు.