వీధి మధ్య ఇత్తడి గీత

ఫోను మోగేసరికి ఓలీటా ఎడమచేత్తో గుడ్డు పగలగొట్టాలని తంటాలు పడుతోంది. పెంకు ముక్క పెనంలో పడింది. పొయ్యి ఆర్పి, ఫోనెత్తింది.

"ఓలీటా గారేనాండీ? నా పేరు గ్రాంట్. మీ కారును గుద్దిన ట్రక్కు తాలూకు బీమా కంపెనీ నుంచి మాట్లాడుతున్నాను. ముందు శుభవార్త చెప్పేస్తాను. స్టాప్ బోర్డు దగ్గర ఆగకుండా వచ్చేసింది మావాడే. పోలీసులు కూడా అదే రాశారు."

ఓలీటా కుర్చీలో కూర్చుండిపోయింది. కుడి మణికట్టు సరిగా అతుక్కోలేదు. మళ్ళీ ఆపరేషన్ చేస్తేనే వేళ్ళు ముడుచుకుంటాయని డాక్టరు అన్నాడు. ఆ ఖర్చు ఆమె తరం కాదు. వేళ్ళు ముడుచుకోకపోతే పిండి కలపలేదు. పిండి కలపలేకపోతే స్టేట్ స్ట్రీట్‌లోని హోటల్లో ఆమెకు పనిలేదు. తెల్లవారుజామున వెన్న, మజ్జిగ, పిండి కలిపి మెత్తటి బన్నుల్లాంటి బిస్కట్లు కాల్చడం, అవి పొంగుతుంటే ఆ వాసనకు బయట జనం గుమిగూడడం, "ఇవాళ మాడ్చలేదు కదా తల్లీ?" అంటూ వంటవాడు హోబర్ట్ ఏడిపించడం. భర్త విర్జిల్ పోయాక ఆమెకు లోకమంటే అదే.

"ఆ రోజు ఏం జరిగిందో మీ మాటల్లో చెబుతారా? మీకు అభ్యంతరం లేకపోతే రికార్డు చేసుకుంటాను. తొందరేమీ లేదండీ, నింపాదిగా చెప్పండి."

"అభ్యంతరమేముంది నాయనా. తొందర నాకు అసలే లేదు."

చదువరులు ఒక్క నిమిషం ఆ వంటింట్లోకి తొంగిచూడాలి. పొద్దున్నే మన కాఫీ కప్పుకు ఎదురుగా ఇంకో కప్పు పొగలు కక్కుతుంటే, ఆ భాగ్యం ఎంతటిదో మనకు గుర్తుండదు. ఓలీటా బల్లమీద ఒక్కటే కప్పు. గట్టుమీద మాత్రం గిన్నెలు దొంతరగా ఉన్నాయి. ప్రమాదం జరిగిన వారంలో హోటలువాళ్ళూ చర్చివాళ్ళూ కూరలు వండి తెచ్చిన గిన్నెలవి. అన్నీ ఒంటిచేత్తో తోమి పెట్టింది. గిన్నె కోసమైనా ఎవరో ఒకరు వస్తారని ఎదురుచూసింది. ఎవరూ రాలేదు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ఎవరి పనులు వాళ్ళకున్నాయి.

అలాంటి ఇంట్లో ఒక మర్యాదైన గొంతు "నింపాదిగా చెప్పండి" అంది. ఓలీటా చెప్పింది. ఎండ ఎంత బాగా కాసిందో చెప్పింది. హోబర్ట్ వేసిన జోకు చెప్పింది. రైలు స్టేషను పక్కన రెడ్‌బడ్ చెట్టు గులాబీరంగు పూతతో నిలువెల్లా విరబూసిందని చెప్పింది.

"పెళ్ళైన కొత్తలో విర్జిల్ అచ్చం అలాంటి చెట్టు కిందే కారాపి, కొమ్మ విరిచి ఇచ్చాడు. అందుకని ఒక్క క్షణం అటు చూశాను నాయనా."

"ఎంత బావుందండీ. అయితే అటు చూడకపోయుంటే ట్రక్కు కాస్త ముందే కనబడేదేమో కదండీ?"

"కనబడేదేమో మరి. అంతా ఆ కుర్రాడిమీదే తోసెయ్యడమెందుకు? పాపం, రోడ్డుమీదే ఏడ్చేశాడు. నేనూ కాస్త చూసుకోవాల్సింది."

పెద్దమనసున్న మాట. ఆ ఊరి చుట్టూ ఉన్న కొండల్లో పుట్టి పెరిగినవాళ్ళెవరైనా అదే అంటారు. ఎదుటివాడి తప్పు తగ్గించడానికి తన తప్పు కాస్త పెంచి చెప్పడం అక్కడ తల్లులు నేర్పే మర్యాద. ఫోను పెట్టేముందు, ఎప్పుడైనా ఇటువస్తే బిస్కట్లు తినివెళ్ళమని గ్రాంటును పిలిచింది కూడా. ఆ పూట ఆమె పాట పాడుకుంటూ పెంకులేరిన గుడ్డు తిన్నది.

నెల తిరక్కుండా కంపెనీవారి జవాబు వచ్చింది. తప్పులో ఆమెకూ భాగముంది గనుక ఏమీ చెల్లించబోమన్నారు.

హోబర్ట్ తన పాత కారులో ఆమెను లాయరు కిల్గోర్ గారి దగ్గరికి తీసుకెళ్ళాడు. నెరిసిన జుట్టు, మోకాళ్ళనొప్పులు, ఊరంతటికీ తలలో నాలుక అయిన మనిషి ఆవిడ. అంతా విని కళ్ళద్దాలు తీసింది.

"ప్రమాదం స్టేట్ స్ట్రీట్‌కి ఏ పక్క జరిగింది?"

"ఉత్తరం పక్కండీ."

"అదీ సంగతి. వీధి మధ్యలో ఆ ఇత్తడి బిళ్ళల గీత ఉందే, దానికి ఉత్తరాన మన వర్జీనియా రాష్ట్రం. ఇక్కడి చట్టం ప్రకారం, ప్రమాదానికి కారణంలో మీ తప్పు ఆవగింజంత ఉన్నా మీకు దక్కేది సున్నా. అవతలివాడి తప్పు కొండంత ఉన్నా సరే. దక్షిణాన టెన్నెసీ. అక్కడైతే మీ తప్పు సగానికి తక్కువైతే చాలు, మీ వంతు కోసుకుని మిగతాది ఇస్తారు."

హోబర్ట్ కుర్చీలో ముందుకు జరిగాడు. "నిరుడు నా సంగతీ అంతేకదండీ! సిగ్నలు వెయ్యకుండా కారు తిప్పాను. అయినా చాలావరకు ఇచ్చారు."

"నువ్వు తెలివిగా టెన్నెసీ పక్క గుద్దించుకున్నావు."

"తెలివా, నా మొహమా. బిళ్ళలు చూసుకుని గుద్దించుకుంటానా?"

ఓలీటా నవ్వలేదు. "నేను అబద్ధం చెప్పాల్సిందంటారా?"

"వద్దమ్మా. కోర్టుకెళ్తే మీరు గెలవకూడదని ఏమీలేదు. చెట్టువైపు చూసినంత మాత్రాన ప్రమాదం మీ వల్ల జరిగిందని కాదు, నేను వాదిస్తాను. కానీ జ్యూరీకి ఆ రికార్డు వినిపిస్తారు. ఆవగింజ కనబడితే చాలునని కంపెనీకి తెలుసు. అందుకే పైసా ఇవ్వనంటోంది." కిల్గోర్ గారు కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుంది. "ఈ చట్టం మార్చమని ఎప్పటినుంచో అడుగుతున్నాం, అడుగుతూనే ఉంటాం. అంతవరకూ ఒక్క మాట గుర్తుంచుకోవాలి. అవతలి కంపెనీ అడిగింది కదా అని మీ గొంతు రికార్డుకు ఇవ్వాలని ఏ చట్టమూ చెప్పదు. ముందు లాయరుతో మాట్లాడతానని చెప్పి పెట్టెయ్యొచ్చు. అంత వివరంగా అతనికెందుకు చెప్పారమ్మా?"

ఓలీటా తన బిగుసుకుపోయిన వేళ్ళవైపు చూసుకుంది.

"అడిగింది అతనొక్కడేనండీ."

హోబర్ట్ తల దించుకున్నాడు. అతని గిన్నె కూడా ఓలీటా వంటింటి గట్టుమీదే ఉంది.

తిరిగి వస్తుంటే కారు ఇత్తడి గీత పక్కనే సాగింది. రెడ్‌బడ్ పూత రాలిపోయి, చెట్టంతా గుండెల ఆకారపు ఆకులు. చెట్టు దాటాక హోబర్ట్ కారు నెమ్మది చేశాడు.

"మన హోటల్లో వడ్డించే జెనీవాను నిన్న ఎవడో వెనకనించి గుద్దాడు. మెడ పట్టేసింది, ఇంట్లో ఒక్కతీ పడుకుంది. వర్జీనియా పక్కే. కంపెనీ మనిషి రేపు పొద్దున మళ్ళీ ఫోను చేస్తాడట. ఎంత మంచిగా మాట్లాడాడో అని తెగ మురిసిపోతోంది."

ఓలీటా చటుక్కున అతనివైపు తిరిగింది.

"అయితే రేపు ఏడింటికల్లా కారు తీసుకురా. నన్ను జెనీవా ఇంట్లో దింపు. ఆ ఫోను మోగేసరికి నేను పక్కన ఉండాలి."

"వెళ్ళి ఏం చేస్తావు?"

"లాయరుతో మాట్లాడాకే మాట్లాడతానని చెప్పి పెట్టేయిస్తాను. ఆ తర్వాత కాఫీ పెట్టమంటాను, రెండు కప్పులు. ఎండెలా కాసిందో, ఏ చెట్టు పూసిందో, అవన్నీ నాకు చెప్పుకోమంటాను. మన మనిషి మాట మనం వినకపోతే, దాన్ని సొమ్ము చేసుకునేవాడు వింటాడు హోబర్ట్. జెనీవా గిన్నె కూడా నా దగ్గరే ఉంది, ఇచ్చేసి వస్తాను."