సగం వేళ్ళా, నిండు వేళ్ళా

1945 మే నెల పద్నాలుగో తేదీ, సోమవారం. ఆ పొద్దున ఆరోగ్యస్వామి తిన్నది జొన్న సంకటి, గోంగూర పచ్చడి, నంజుకోవడానికి ఒక పచ్చి ఉల్లిపాయ. చివర్లో మజ్జిగ గ్లాసు అందించబోయి అతని భార్య దయామణి ఆగిపోయింది. గ్లాసు కోసం చాచిన ఎడమ చేతి చిటికెన వేలి మీద రేగుపండంత బొబ్బ ఉంది.

"ఏందయ్యా ఇది? ఎప్పుడు కాలింది?"

"నిన్న. సైకిలు హ్యాండిలుకి."

"ఇంత బొబ్బ లేస్తే నొప్పి లేదా? చెప్పనన్నా చెప్పలా."

"పెద్ద నొప్పేం లేదులే."

అది అబద్ధం కాదు. ఆ వేలికి అసలు నొప్పే లేదు. మిగతా తొమ్మిది వేళ్ళూ రాత్రంతా మండాయి. వాటికి వెన్న రాసుకున్నాడు, చన్నీళ్ళలో ముంచుకున్నాడు. ఈ ఒక్క వేలు మాత్రం తనకేమీ పట్టనట్టు ఊరుకుంది. ఆ వేలి మొదట్లో, అరచేతి అంచు దాకా చర్మం పాలిపోయి ఉండడం అతను ఈస్టరు నాటికే చూశాడు. ఎండకు వచ్చిన మచ్చ అనుకున్నాడు. పన్నెండేళ్ళుగా ఊళ్ళు తిరిగి టీకాలు వేస్తున్నవాడికి నొప్పి తెలియని మచ్చంటే కుష్టు కావచ్చని ఒకరు చెప్పనక్కర్లేదు. సంచిలో డజను సూదులున్నాయి. ఒకటి తీసి అక్కడ గుచ్చి చూసుకుంటే తేలిపోయేది. చూసుకోలేదు. తేలితే ఉద్యోగం ఆ రోజుతో సరి. బోర్డింగులో చదువుకుంటున్న కూతురి పక్కన రేపటి నుంచి ఏ పిల్లా చాప వేసుకోదు.

మజ్జిగ తాగి, దర్జీ కాలేషా అంగడికి బయల్దేరాడు.

యుద్ధం వచ్చాక హ్యాండిలుకు తొడిగే రబ్బరు పిడులు దొరకడం మానేశాయి. అతని సైకిలువి కిందటేడే కరిగి జారిపోయాయి. గుడ్డ చుట్టాడు గానీ బ్రేకు కడ్డీల మీద గుడ్డ నిలవదు. పల్నాటి ఎండకు పొద్దు నడినెత్తికి రాకముందే ఆ ఇనుము పెనమవుతుంది. కారెంపూడి చుట్టుపక్కల పద్దెనిమిది ఊళ్ళకు టీకాలు వేసేది అతనొక్కడే. ఆ వేసవి కలరా సూదులు కూడా అతని నెత్తినే పడ్డాయి. అందుకే చేతి తొడుగులు కుట్టించుకుంటానని పది రోజులుగా అంటున్నాడు.

కాలేషా యుద్ధం మొదట్లో గుంటూరులో సిపాయిల బట్టలు కుట్టి వచ్చిన మనిషి. మోటారు సైకిలు సిపాయిలకు తొడుగులు కుట్టింది కూడా తానేనని చెప్పుకుంటాడు.

"రా అన్నా. ఖాకీ ముక్క నీ కోసమే దాచిపెట్టా. చెప్పు, సగం వేళ్ళా, నిండు వేళ్ళా?"

"నిండు వేళ్ళు."

కాలేషా మిషను ఆపాడు. "ఎండాకాలంలో వేళ్ళకి దుప్పట్లు కప్పుతావా? సగం వేళ్ళయితే గాలాడుద్ది. బ్రేకు ఎంత నొక్కావో వేలికి తెలుసుద్ది. చక్రంలో గాలిపోతే వాల్వు ఇప్పుకోవచ్చు, ఎవరన్నా నీళ్ళు పోస్తే దోసిలి పట్టొచ్చు. నిండుగా కుడితే ఊరూరా ఇప్పటం, తొడగటం. ఆ పన్లోనే పొద్దు గూకుద్ది."

"కడ్డీ మీద ఉండేది వేళ్ళేగా. కాలేది అవే. నిండుగానే కుట్టు."

బల్ల మీద చొక్కా కోసం కాచుకుని కూర్చున్న రైతు త్రికోటేశ్వరరావు కండువాతో విసురుకుంటూ ఇదంతా వింటున్నాడు. ఆయనది నాగులగుంట. మర్నాడు ఆరోగ్యస్వామి సూదులు వేయాల్సింది ఆ ఊళ్ళోనే. వాళ్ళ పక్క పల్లెలో అప్పటికే కలరాతో నలుగురు పోయారు.

"ఏం సామీ, దొరవై పోతున్నావే," అన్నాడాయన. "మా ఊళ్ళో ఆడోళ్ళు అసలే సూదంటే గడ్డివాముల్లో దూరుతున్నారు. నువ్వు ఆ తొడుగుల్తో దిగావనుకో, ఈయనకి పెద్దరోగం పుట్టింది, వేళ్ళు దాచుకున్నాడంటారు చూడు."

కాలేషా నవ్వాడు. ఆరోగ్యస్వామీ నవ్వాడు. ఆ నవ్వు తన గొంతులోంచి ఎలా వచ్చిందో అతనికి తెలియలేదు.

"కుడి చేత్తోగా వేసేది. కుడిది విప్పుతాలే," అన్నాడు. అన్న తర్వాత, ఎడమది ఎందుకు విప్పవని అడుగుతాడేమోనని ఎడమ పిడికిలి మూసుకున్నాడు. ఆయన అడగలేదు.

కాలేషా పాత పేపరు పరిచి, కుడి చెయ్యి దాని మీద పెట్టించి, వేళ్ళ చుట్టూ పెన్సిలుతో గీశాడు. "ఇంక ఎడమది."

"రెండూ ఒకటేగా. అదే తిరగేసి కత్తిరించు."

"ఏ మనిషికీ రెండు చేతులూ ఒకటి కాదన్నా. ఇట్టియ్యి."

పిడికిలి విప్పక తప్పలేదు. బొబ్బ చూసి "చానా కాలిందే" అన్నాడు కాలేషా, అంతే. ఆరోగ్యస్వామి వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు. పెన్సిలు బొటనవేలు దాటింది, చూపుడు వేలు దాటింది, ఉంగరం వేలు చుట్టి వచ్చింది. చిటికెన వేలి దగ్గరకు వస్తుందని ఎదురు చూస్తున్నాడు.

"అయింది, తియ్యి," అన్నాడు కాలేషా.

పెన్సిలు ఎప్పుడు వచ్చి పోయిందో తెలియనే లేదు.

కాలేషాది చురుకైన చెయ్యి. చుట్ట కాల్చినంత సేపట్లో గుడ్డ కత్తిరించి, కచ్చా కుట్లు వేసి, కొలత చూడడానికి కుడి చేతికి తొడిగాడు. వదులుగా ఉన్న చోట గుండుసూదులు పెడుతుంటే ఒకటి నడిమి వేలికి తగిలింది. "అబ్బ," అని చెయ్యి లాక్కున్నాడు ఆరోగ్యస్వామి.

"తాలూకా అంతా గుచ్చేవాడివి, ఒక్క సూదికే ఎగిరిపడతావే," అన్నాడు కాలేషా. త్రికోటేశ్వరరావు పకపకా నవ్వాడు.

తర్వాత ఎడమది. "బావిలో మందు వేయించారా?" అని అడిగాడు ఆరోగ్యస్వామి, త్రికోటేశ్వరరావు చూపు తన చేతి మీద పడకుండా.

"వేశారు. నీళ్ళు ఊదాగా వస్తున్నాయని జనం వాగులో చెలమలు తీసుకుంటున్నారు. ఏం చెప్పినా వినరు సామీ."

"వాగు నీళ్ళు వద్దనండి. కాచి తాగమనండి. రేపు నేను వచ్చినప్పుడు..."

కాలేషా చేతులు ఆగిపోవడం గమనించి, మాట మధ్యలో తల తిప్పాడు. చిటికెన వేలి గుడ్డలో గుండుసూది నిటారుగా నిలబడి ఉంది. దాని చుట్టూ ఖాకీ నల్లగా తడుస్తోంది. నెత్తురు. సూది మాంసంలోకి దిగి ఎంతసేపయిందో.

కాలేషా తలెత్తలేదు. పీట కొంచెం జరుపుకుని, బల్లకు ఆ చేతికి మధ్య తన వీపు అడ్డం పెట్టాడు. సూది లాగేసి, తడి మీద తన బొటనవేలు అదిమాడు.

"కోటేశ్వరన్నా, నీ చొక్కాకి గుండీలు చాల్లా. ఎదురు కొట్లో నాలుగు తెచ్చుకో పో."

"నీ దగ్గర లేవంట్రా?"

"నా దగ్గరున్నయ్యి ఎముకయ్యి. నీకు ముత్తెం గుండీలు కావాలంటివిగా."

ఆయన గొణుక్కుంటూ లేచి వెళ్ళాడు. కాలేషా వేలు వదల్లేదు.

"ఎప్పట్నుంచన్నా?"

"మచ్చ ఈస్టరు నుంచి. తెలియకపోవడం నిన్నటి నుంచి."

"మా మేనమామకీ ఇట్టాగే మొదలైంది. కండువా కింద చెయ్యి దాచుకుని రెండేళ్ళు తిరిగాడు. పేట ఆసుపత్రిలో డాక్టరు చూసి, రెండేళ్ళ ముందు రావాల్సింది, ఈ రోగానికేసే నూనె సూదులు పని చేసేవి అన్నాడు." కాలేషా గొంతు ఇంకా తగ్గించాడు. "నిండుగా కుట్టమంటే కుడతా. నా నోరు కూడా కుట్టుకుంటా. నువ్వు చెప్పు."

నిండు తొడుగులుంటే వేలు కాలదు. ఎవరికీ కనపడదు. రేపు నాగులగుంట, ఎల్లుండి ఇంకో ఊరు. కలరా తగ్గాక, వానలు పడ్డాక, మెల్లగా పేట పోవచ్చు. అప్పటిదాకా జీతం వస్తుంది, పిల్ల చదువు సాగుతుంది. కానీ సూది కుడి చేత్తో వేసినా పిల్లల జబ్బ పట్టుకునేది ఈ ఎడమ చేత్తోనే. తాకితే అంటుకుంటుందంటారు కొందరు, అంత తేలిగ్గా అంటదంటారు కొందరు. ఏది నిజమో అతనికి తెలియదు. తెలియని సంగతిని తొడుగులో పెట్టుకుని పసిపిల్లల చేతులు ఎలా పట్టుకోవడం?

వీధికి అవతల త్రికోటేశ్వరరావు గుండీలు చేతిలో ఎగరేసుకుంటూ కొట్టు మెట్లు దిగుతున్నాడు.

"కాలేషా, సగానికి కోసెయ్యి. ఎడమ చిటికెన వేలు ఒక్కటీ నిండుగా ఉంచు. దానికి వేడి తెలియదు, రేపు పేటకి ముప్పై మైళ్ళు తొక్కాలి."

కాలేషా ఒక్క క్షణం అతని మొహంలోకి చూశాడు. తర్వాత కత్తెర అందుకున్నాడు. తొమ్మిది ఖాకీ కొసలు ఒకదాని వెంట ఒకటి కింద రాలాయి.

"ఇదేందిరా, తొమ్మిది బోడివి, ఒకటి ముసుగు?" అన్నాడు లోపలికొచ్చిన త్రికోటేశ్వరరావు.

కాలేషా ఏదో సర్ది చెప్పబోయాడు. ఆరోగ్యస్వామి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆ వేలికి సూది గుచ్చినా తెలియడం లేదు కోటేశ్వరరావు గారూ. రేపు తెల్లారకముందే పేట పోయి డాక్టరుకి చూపించుకుంటా. మీ ఊరికి నేను రాను. గురజాలలో టీకాలు వేసే ఆయన్ని పంపమని ఆఫీసుకి చీటీ రాస్తా."

ఆయన కూర్చోలేదు. గుండీలు మిషను అంచు మీద పెట్టాడు. ఆరోగ్యస్వామి పక్కన, బల్ల మీద తను వదిలి వెళ్ళిన కండువా వైపు చూశాడు గానీ చెయ్యి చాచలేదు.

"చీటీ ఎప్పటికి చేరుద్ది?"

"టపాలో వేస్తే ఎల్లుండి."

"ఎల్లుండికి మా ఊళ్ళో ఎవరుంటారో, ఎవరు పోతారో. నాకియ్యి. బండి కట్టుకుని నేనే పోతా."

ఆరోగ్యస్వామి పాత పేపరు అంచు చింపి రాశాడు. చీటీ ఇస్తుంటే ఆయన వేళ్ళు గాలిలో కాస్త తడుముకున్నాయి. ఆ తర్వాత ఒక కొస పట్టుకుని తీసుకున్నాడు.

"ఊళ్ళో అడుగుతారు. ఏం చెప్పను?"

"ఉన్నది చెప్పండి."

"చెప్తా," అన్నాడాయన. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "ఎండెక్కకముందే పిడుగురాళ్ళ దాటు సామీ."

కండువా బల్ల మీదే ఉండిపోయింది. ఆయన మలుపు తిరిగాక కాలేషా లేచి, దాన్ని దులిపి తన భుజాన వేసుకుని, మళ్ళీ మిషను ముందు కూర్చున్నాడు.

సాయంత్రం దీపం పెట్టకముందే ఆరోగ్యస్వామి దయామణికి అంతా చెప్పాడు. "పిల్లకి రాయాలా?" అంది ఆమె.

"డాక్టరు చెప్పాక."

"నిజంగా అదే అంటే?"

"సూదులు వేస్తారంట. వారం వారం పోవాలి. ఈ ఉద్యోగం మాత్రం ఉండదు."

ఆమె తలూపి, మర్నాటి దారికి జొన్న రొట్టెలు చేసి మూట కట్టింది. వీధిలో అప్పటికే అందరూ ఇళ్ళ ముందు నీళ్ళు చల్లి మంచాలు వేసుకుంటున్నారు. ఆ నెలలో ఇంట్లో పడుకునేవాళ్ళెవరూ లేరు. దయామణి అరుగు మీది చాపలు రెండూ చుట్టి లోపలికి తెచ్చింది.

"ఈ ఉక్కలోనా?" అన్నాడతను.

"బయట అందరి చెవులూ మన మీదే ఉంటయ్యి. నాకు నీతో మాట్లాడాలని ఉంది."

చాపలు రెండూ ఎప్పటిలాగే అంచుకు అంచు తగిలేట్టు పరిచింది. కడవలోంచి చెంబుతో నీళ్ళు తెచ్చి అతని తలాపున పెట్టింది. బయట ఎవరో "ఏమే దయామణీ, ఇయ్యాల లోపలేందే?" అని కేకేశారు. "పొద్దున్నే లేవాలి పిన్నీ," అని బదులిచ్చి, చప్పుడు కాకుండా తలుపు మూసింది.