సైదమ్మ మునుం

సైదమ్మ ఎడమచేతిలోని నారు కట్ట నుంచి మూడు పోచలు తీసి, బొటనవేలితో బురదలోకి దించి, ఒక అడుగు వెనక్కి వేసింది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. కళ్ళు మాత్రం ఆ చేతుల మీద లేవు. ఒడ్డు పక్క కొసన నిలబడి మునుం, అంటే నాటేవాళ్ళ వరసను, నడిపించే మనిషి ఆమె. ఎడమవైపు వరసగా వంగి ఉన్న ఎనిమిది మంది ఆడవాళ్ళ వేళ్ళ మీదే ఆమె చూపంతా. ఎవరి పోచలు నాలుగయ్యాయి, ఎవరి దుబ్బు సరిగ్గా దిగలేదు, ఎవరు నడుం ఎత్తారు, ఎవరు పక్కమనిషితో ముచ్చట పెట్టారు, అన్నీ ఆమెకే కావాలి.

నాటు అంటే వెనక్కి నడిచే పని. కళ్ళముందు ఉన్నది నాటిన పొలం, మళ్ళీ దానిలో కాలు పెట్టకూడదు. వాళ్ళ ఊరు పాలకీడు చుట్టుపక్కల చిన్నపిల్లనడిగినా చెబుతుంది. సైదమ్మకు తెలియదా? తెలుసు. కానీ ఎవరిదో దుబ్బు పక్కకు వాలి కనిపిస్తే ఆమె ప్రాణం ఊరుకోదు. కుచ్చెళ్ళు ఇంకాస్త పైకి దోపుకుని, నాటిన వరసల మధ్య నుంచి దబదబా నడిచి వెళ్ళి, దాన్ని పీకి మళ్ళీ నాటి వస్తుంది. రోజుకు ఇరవై సార్లు. ఎవరూ నోరెత్తరు. ఇరవై ఏళ్ళుగా ముఠా ఆమెది. రైతులతో మాట్లాడేది ఆమె, సద్దులు ఎప్పుడు విప్పాలో చెప్పేది ఆమె. ట్రాక్టర్ డబ్బాలో ఎవరు ఏ మూలన కూర్చోవాలో కూడా ఆమే చెబుతుంది, అదేం పిచ్చో.

అది రెండు వేల అయిదు, ఆగస్టు. కరువు ఏళ్ళు గడిచి సాగర్ ఎడమకాలువకు నీళ్ళు వదిలారు. కోదాడ ఇవతల యశోద అనే ఆసామి పొలంలో నాట్లు, ఆ రోజు రెండోరోజు. పని నిండుగా ఉంది, పైన ఎండ కూడా లేదు. అయినా సైదమ్మ మనసు బాగాలేదు. ముందురోజు రాత్రి గోడ అవతల కోడలు భాగ్య మొగుడితో అన్న మాట ఆమె చెవిన పడింది. ఈ నాట్లు అయిపోగానే వేరే ముఠాలోకి పోతానంది భాగ్య. వాడపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాలు మోసి వచ్చి పడుకున్న కొడుకు సతీష్ ఊఁ అన్నాడో, నిద్రలో మూలిగాడో తెలియదు.

పొద్దుటినుంచీ ఆ మాటే చెవిలో తిరుగుతోంది. భాగ్య తుంగతుర్తి వైపు మెట్ట ఊరి పిల్ల. పెళ్ళయి వచ్చేనాటికి నారు పట్టుకోవడం రాదు. ఆ పిల్ల మణికట్టు పట్టుకుని బురదలో వేలు దించడం నేర్పింది సైదమ్మే. ఎనిమిదేళ్ళయినా ఆ మణికట్టు తాను వదల్లేదన్న సంగతి మాత్రం ఆమెకు తోచలేదు. నేర్పినందుకు ఇదా నాకు దక్కింది అని లోపల లోపలే కుమిలిపోయింది.

ఆమెకు మాత్రం ఎవరు నేర్పారు గనక? ఆమె కాపురానికి వచ్చిన కొత్తలోనే ఊరికి కాలువ నీళ్ళు వచ్చాయి. అంతకుముందు జొన్నలు, ఆముదాలు. నాట్లంటే ఏమిటో ఊళ్ళో ఆడవాళ్ళకు తెలియదు. ఏటవతల నుంచి ముఠాలు దిగేవి. గాజుల చేతులు టకటకా ఆడిస్తూ, ఈ ఊరి వాళ్ళ వంకర వరసలు చూసి కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. పదహారేళ్ళ సైదమ్మ వాళ్ళ కొసన నిలబడి చూసి చూసి నేర్చుకుంది. ఒకరోజు రైతు ఆమె నాటిన మడంతా ఆమె ముందే పీకించి మళ్ళీ నాటించాడు. ఆ పూట ఆమె కాలువ గట్టున కూర్చుని ఏడ్చింది. అయినా ఎంత మంచి రోజులవి! సాయంత్రాలు అందరూ ఒకే చోట కాళ్ళు కడుక్కునేవాళ్ళు, ఏటవతలి వాళ్ళు పచ్చడి పెడితే వీళ్ళు జొన్నరొట్టె తుంచి ఇచ్చేవాళ్ళు. కొత్త నీళ్ళ వాసన చీరల్లో ఉండిపోయేది. ఆ వాసన గుర్తొస్తే సైదమ్మకు ఇప్పటికీ ప్రాణం లేచి వస్తుంది. కానీ ఆనాటినుంచే వాలిన దుబ్బును చూసి ఊరుకోలేని మనిషయింది.

మధ్యాహ్నం ఒడ్డు మీద సద్దులు విప్పారు. యశోద చల్ల తెచ్చి అందరికీ పోసింది. పోస్తూ పోస్తూ సైదమ్మ దగ్గర ఆగి, నొప్పించకూడదన్నట్టు మెల్లగా చెప్పింది.

“సైదమ్మా, నిన్న వేసిన మడిలో నారు చాలాచోట్ల తేలిపోయింది. ఒకసారి చూసి సందులు పూడ్పించు.”

సైదమ్మ ముఖం మాడిపోయింది. నిజం చెప్పాలంటే, ఆ వెనకే కాస్త కసి కూడా తీరినట్టయింది. కోడలిని అనడానికి ఇప్పుడొక సాకు దొరికింది. ముద్ద అక్కడే వదిలేసి భాగ్యను వెంటబెట్టుకుని నిన్నటి మడి దగ్గరికి నడిచింది. పాతికేళ్ళుగా ఆమె పక్కనే నాటుతున్న తండా మనిషి కమ్లి, ఏదో జరగబోతోందని వెనకే వచ్చి నాలుగడుగుల దూరంలో ఆగింది.

రాత్రికి రాత్రి బురద దిగి నీళ్ళు తేటపడ్డాయి. అడుగున గుంతలు కనిపిస్తున్నాయి. ఒక్కో గుంత పైన పీకినట్టు తేలిన పోచలు, అప్పుడే పసుపెక్కుతున్నాయి.

“ఇది ఎవల మునుమే? నీదే గదా. గిసొంటి చేతులు పెట్టుకొనేనా వేరే ముఠాల పోతనంటున్నవ్?”

అత్తకు తెలిసిపోయిందని భాగ్య ఉలిక్కిపడింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ గుంతల వైపు చూసి, గొంతు పెంచకుండా అంది.

“అత్తా, జర నీ ఎడమకాలు గా గుంతల పెట్టు.”

సైదమ్మ ఎడమకాలికి నాలుగే వేళ్ళు. చిటికెన వేలు చిన్నప్పుడే కొడవలికి తెగిపోయింది. నీళ్ళలోకి వంగి చూసింది. గుంత అంచున నాలుగు వేళ్ళ అచ్చు. కాలు దించింది. అచ్చు దాని కోసమే చేసినట్టు కాలు అందులో కూర్చుంది. పక్కన ఇంకొకటి, దాని పక్కన ఇంకొకటి. గుంతలన్నీ ఆమె నిలబడే కొస నుంచి బయలుదేరి, ఎవరెవరి వరసల్లోకో పోయి, తిరిగి ఆ కొసకే వచ్చాయి.

“ఎప్పటిసంది ఎరుక నీకు?” అంది సైదమ్మ.

“నేనొచ్చిన ఏటి నుంచి. నువ్వు ట్రాక్టర్ కాడికి పోయినంక, కాళ్ళు కడుక్కుంటమని చెప్పి నేను, కమ్లక్క ఆగేటోళ్ళం. అందినకాడికి సందులు నాటేటోళ్ళం. నిన్న ట్రాక్టర్ జల్ది వచ్చింది.”

“నాకు చెప్పొద్దా?”

“చెప్తే వింటవా అత్తా?”

కమ్లి ముఖం పక్కకు తిప్పుకుంది. సైదమ్మ ఒడ్డు మీద కూలబడింది. సిగ్గుతో ఒళ్ళంతా మండింది. ఇరవై ఏళ్ళు, ఎన్ని ఊళ్ళు, ఎన్ని మళ్ళు! తన అడుగులు చేసిన సందులకు ఎంతమందిని తిట్టిందో! తిట్లు తిన్నవాళ్ళే వాటిని పూడ్చి ఇంటికి వచ్చారు. కోడలు ఎందుకు పోతానంటోందో ఎవరూ విప్పి చెప్పనక్కర లేకపోయింది.

అందరూ మళ్ళీ మడిలోకి దిగేటప్పుడు ఆమె లేచింది.

“పొద్దుమీకేదాంక మునుం నువ్వు పట్టు భాగ్యా.”

“కోపమొచ్చిందా అత్తా?”

“కోపం గాదే. నేను నడుమ నిలబడత.”

సైదమ్మ వెళ్ళి కమ్లి పక్కన నిలబడింది. ఆ పూట ఆమె పడ్డ కష్టం అంతా ఇంతా కాదు. నడుం నొప్పి ఒక లెక్కా? చూడకుండా ఉండటమే అసలు కష్టం. కమ్లి నాటిన దుబ్బు ఒకటి పక్కకు వాలింది. సైదమ్మ కాలు తనంతట తానే బురదలోంచి లేచింది. లేచిన కాలును గాలిలో ఆపి, పళ్ళు బిగబట్టి, వెనక్కే దించింది. కమ్లి ఓరగా చూసి నవ్వింది. రేపటికి అదే నిలబడుతుందని, దాని జోలికి పోవద్దని చెప్పింది. చేసేది లేక సైదమ్మ తన వరస తాను చూసుకుంది. చూసి నోరు తెరిచింది. మునుం మొత్తంలో అంత వంకర వరస ఇంకొకటి లేదు. ఇంతకాలం అందరి చేతులూ చూసింది గానీ, తన చేయి చూసుకున్నది ఎన్నడు? పొట్ట చేత్తో పట్టుకుని నవ్వింది. భాగ్య కొసన నిలబడి, అత్తకు మతి పోయిందేమోనని కంగారుపడింది.

సాయంత్రం ట్రాక్టర్ డబ్బా ఎక్కేటప్పుడు ఎవరెక్కడ కూర్చోవాలో చెప్పబోయి, సైదమ్మ నోరు మూసుకుంది. ఖాళీ దొరికిన చోట కూర్చుంది. భాగ్య వచ్చి ఆమె పక్కనే కూర్చుంది. వేరే ముఠా మాట ఎవరూ ఎత్తలేదు. కాలువ దాటాక భాగ్యే అడిగింది.

“రేపు ఎన్నిగంటలకు బయలెల్దాం అత్తా?”

“మేస్త్రివి నువ్వు. నన్నడుగుతవేంది?”

ఆ తరవాత అయిదేళ్ళు సైదమ్మ మునుం నడుమనే నాటింది. ఇంటి తాళాలు కోడలికి ఇచ్చి, కమ్లితో కలిసి జాన్‌పహాడ్ దర్గా ఉర్సుకు పోయి రెండు రోజులు ఉండి వచ్చింది. తన కంటే చిన్నవాళ్ళను ఇది ఎట్లా చేస్తారని అడగడం నేర్చుకుంది. ముఠాలో అందరికంటే ఎక్కువ నవ్వే మనిషి ఆమే అయింది. వెనకటి సైదమ్మ కథలు చెబితే కొత్తగా చేరిన పిల్లలు నమ్మేవాళ్ళు కాదు.

ఆరో ఏటి నాట్లకు జ్వరం పట్టుకుంది. దవాఖాన మందులు వారం వాడినా తగ్గలేదు. మంచం మీద ఊరికే ఉండలేక, యూరియా సంచి ఒక మూల లోపలికి మడిచి, వానలో తలమీదుగా వేసుకునే కొప్పెర ఒకటి కోడలికి కుట్టింది. మబ్బు పట్టిన ఒక పొద్దున ట్రాక్టర్ వచ్చి హారన్ కొట్టింది. భాగ్య మంచం పట్టె వదలనంది.

“పో బిడ్డా. నువ్వు కూసుంటే జరం పోతదా? ఆడ మునుం ఆగుతది. పో.”

భాగ్య అత్త నుదురు తడిమి, ఆమె చేతిలో పెట్టిన కొప్పెర తీసుకుని లేచింది. మళ్ళీ హారన్ మోగితే పరుగెత్తింది.

మధ్యాహ్నం ముసురు మొదలైంది. సతీష్ రెండు గుక్కల నీళ్ళు తాగించాడు. సైదమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. కాసేపటికి అతను పిలిస్తే పలకలేదు.

సతీష్ ఫోన్ చేసిన గంటన్నరకు ట్రాక్టర్ వచ్చింది. భాగ్య బురద కాళ్ళతో, తల నుంచి నీళ్ళు కారుతుండగా ఇంట్లోకి వచ్చింది. గడప పక్కన, పొద్దున చెప్పులు వేసుకుంటూ ఆమె దింపి మరచిపోయిన కొప్పెర, నీలం దారం కుట్లతో, చుక్క తడి లేకుండా ఉంది.