బావ మెడలో విజిల్

మా బావ స్విమ్మింగ్ పూల్లో లైఫ్‌గార్డు. రోజంతా ఎత్తు కుర్చీలో కూర్చుని, ఎవరు హద్దు మీరినా విజిల్ ఊదడమే ఆయన పని. సెలవు రోజున అడవిలో వాగు వెంట నడుద్దామంటే, ఆ విజిల్ కూడా మెడలో వేసుకొచ్చాడు మహానుభావుడు.

బండలెక్కి, చెమటలు కక్కుతూ జలపాతం దగ్గరికి చేరేసరికి, కింద మడుగు నిండా జనం. కాలు పెట్టే సందు లేదు. అక్క ముఖం మాడ్చుకుంది. బావ నాకు కన్నుగీటి, విజిల్ గట్టిగా ఊదాడు.

"అందరూ బయటికి రండి! త్వరగా!"

ఎందుకని ఒక్కరూ అడగలేదు. పిల్లాజెల్లాతో సహా బుద్ధిగా గట్టెక్కారు.

"నువ్వాగవే, ముందు నేను లోతు చూస్తా," అంటూ బావ విజిల్ అక్క చేతిలో పెట్టి దూకాడు. వెల్లకిలా తేలుతూ కళ్ళు మూసుకున్నాడు. ఆ లోతు చూడటం ఎంతకీ తెమలదే!

అక్కకు ఒళ్ళు మండింది. విజిల్ ఊదింది.

బావ ఉలిక్కిపడి, ఆదరాబాదరా ఈదుకుంటూ ఒడ్డెక్కాడు. "ఏమైంది? ఎవరికేమైంది?"

"ఎవరికీ ఏం కాలేదు. పక్కకు జరగండి," అంటూ అక్క విజిల్ మెడలో వేసుకుని దూకేసింది. ఆమె వెనకే జనమంతా దూకారు.

బావ ఎత్తయిన బండ ఒకటి చూసుకుని, ఎక్కి కూర్చున్నాడు.