చేతిలో గుడ్డ, తలలో పువ్వు

నేను ఒక గుడ్డపువ్వును. లోపల రబ్బరు బ్యాండు, పైన కనకాంబరం రంగు రేకులు. జడకు బిగించుకోవచ్చు, కొప్పు చుట్టూ తిప్పుకోవచ్చు. వాడిపోను, వాసన రాను. పుట్టింది కడియపులంకలో. తెల్లారేసరికి బంతులూ చామంతులూ బస్తాల్లో దిగే ఊళ్ళో గుడ్డపువ్వుగా పుట్టడమేమిటని మీరు నవ్వుతారేమో, నవ్వండి. నాకు మాత్రం నవ్వు రావడం లేదు. ఒళ్ళు మండిపోతోంది. ఎందుకో చెబుతాను, మధ్యలో అడ్డు రాకండి.

నన్ను చేసినామె పేరు హైమ. ఆమె భర్త నర్సరీ మొక్కలు తోలే లారీ నడిపేవాడు. మూడేళ్ళ కిందట ఆ లారీలోనే పోయాడు. అప్పటినుంచి హైమ అత్తవారింట్లోనే వెనక గదిలో ఉంటోంది. ముందు గది తోటికోడలు ఇందుమతిది. రెండు గదులకీ మధ్య ఒక పాత చీర తెరగా వేలాడుతూ ఉంటుంది. ఆ తెరకు ఇవతల నేను పుట్టాను, అవతల నన్ను అమ్ముతారు.

వీధి చివర టైలరు పారేసే జాకెట్టు ముక్కల్లోంచి నన్ను ఏరుకుంది హైమ. గుండ్రంగా రేకులు కత్తిరించి, ఒక్కొక్క రేకు అంచునీ కొవ్వొత్తి మంటకు చూపించింది. మరీ దగ్గరగా పెడితే నల్లబడుతుంది, దూరంగా పెడితే ముడుచుకోదు. నా రేకులన్నీ అలా సెగ తగిలి వంపు తిరిగినవే. తర్వాత చిన్న రేకు లోపల, పెద్ద రేకు బయట పెట్టి సూదికి గుచ్చి, బ్యాండుకు కుట్టింది. కొసన దారం పళ్ళతో తెంపి, నన్ను అరచేతిలో పెట్టుకుని కాసేపు చూసుకుంది. ఆ కాల్చడం మీదా గుచ్చడం మీదా నాకే కోపమూ లేదు. అవి లేకపోతే నేను టైలరు చెత్తబుట్టలో పీలికనే. నా కోపమంతా తెరకు అవతలివాళ్ళ మీద.

ఈ వ్యాపారం ఎలా మొదలైందో వినండి. ఇందుమతి కూతురు స్కూలు డాన్సుకని హైమ ఒక పువ్వు చేసి పెట్టింది. మిగతా పిల్లల తల్లులు అడిగారు. ఇందుమతికి తెలివితేటలు తక్కువేం కాదు, వెంటనే ఫోనులో ఫొటోలు పెట్టడం మొదలుపెట్టింది. ప్రతి ఫొటోలోనూ పువ్వును పట్టుకున్న చెయ్యి ఆమెదే. మోచేతిదాకా గాజులు వేసుకుని మరీ పట్టుకునేది. కింద 'ముత్తయిదువ చేతి పువ్వులు' అని రాసింది. ఆ ముక్క జనానికి తెగ నచ్చింది. పెళ్ళిళ్ళకీ, సీమంతాలకీ, ఓణీల ఫంక్షన్లకీ అందరూ ఆ ముత్తయిదువ చేతి పువ్వులే కావాలన్నారు.

మొదట్లో అత్తగారు సూరమ్మ కొంచెం సణిగింది. శుభకార్యాల పువ్వులు హైమ చేయవచ్చా అని ఆవిడ సందేహం. ఇందుమతి ఇట్టే తేల్చేసింది.

"గుడ్డే కదండి అత్తయ్యా. గుడ్డకేటుంటాది?"

సూరమ్మ సరేనంది. సంపాదన ఇంట్లోకి వస్తుంటే సరేననక ఏం చేస్తుంది?

నన్ను పూర్తిచేసిన రోజున, బ్యాండు బిగువు సరిపోయిందో లేదో చూడటానికి హైమ నన్ను తన జడకు పెట్టుకుంది. అద్దంలోకి కూడా చూసుకోలేదు పాపం, తల అటూ ఇటూ తిప్పిందంతే. మంచినీళ్ళ కోసం వచ్చిన సూరమ్మ చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"పువ్వు తియ్యి."

"గుడ్డేనండి అత్తయ్యా. బిగువు చూత్తన్నాను."

"గుడ్డయితే మాత్రం? పువ్వులాగే ఉంది కదా. చూసినోళ్ళు ఏటనుకుంటారు?"

హైమ నన్ను తీసేసింది. ఇప్పుడు మీరే చెప్పండి. ఆమె చేతిలో ఉన్నంతసేపూ నేను గుడ్డను, ఆమె తలలోకి వెళ్ళగానే పువ్వునట. నా రేకు మారలేదు, రంగు మారలేదు. మనుషులు అవసరాన్నిబట్టి నా జాతి మార్చేస్తారు. ఇంత గొప్ప తర్కం చదివినవాళ్ళు నన్ను చూసి అబద్ధపు పువ్వు అంటారు, సిగ్గు లేకపోతే సరి.

అసలు సంగతికి వస్తాను. మండపేట నుంచి కొప్పిశెట్టి భ్రమరాంబగారు కూతుర్ని వెంటబెట్టుకుని కారులో వచ్చారు. పెళ్ళికూతురి పేరు లిఖిత. ముందు గదిలో ఇందుమతి మా అందరినీ పళ్ళెంలో పేర్చి చూపించింది. లిఖిత నన్నే తీసింది. కనకాంబరం రంగంటే ఆ పిల్లకు ప్రాణమట. తిప్పి తిప్పి చూస్తుంటే నా చివరి రేకు ఒకటి ఊడి వేలాడింది.

"కొంచెం కుట్టి ఇత్తారాండి?" అంది.

ఇందుమతికి సూదిలో దారం ఎక్కించడం తప్ప ఏమీ రాదు. "ఒక్క నిమిషం, దారం తెత్తాను" అని నన్ను పట్టుకుని తెర వెనక్కి వచ్చి, హైమ ఒళ్ళో పడేసి, కాఫీ పెట్టడానికి వంటింట్లోకి పోయింది. ఆ ఒక్క నిమిషం లిఖిత ఆగలేకపోయింది. తెర తొలగించి లోపలికి తొంగి చూసింది. కొవ్వొత్తి, రేకుల గుట్ట, వాటి మధ్య సూది పట్టుకుని హైమ కనబడింది.

"మీరాండి చేసేది?" అంది సంబరంగా. హైమ తల వంచుకునే రేకు కుట్టడం పూర్తిచేసింది. లిఖిత వచ్చి ఆమె ముందు చాప మీద కూర్చుని, వీపు తిప్పి జడ ముందుకు పోకుండా పట్టుకుంది. "అయితే మీరే పెట్టండి. ఎలా ఉంటాదో మా అమ్మకి చూపిత్తాను."

హైమ నన్ను ఎత్తింది. బ్యాండు సాగదీసింది. జడ కొస నా లోపలికి వస్తోంది.

"ఆగు."

భ్రమరాంబగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆవిడ హైమ ముఖం చూడలేదు. ముందు కాళ్ళు చూసింది. మెట్టెలు లేని వేళ్ళు చూసి, ఆ తర్వాత గాజులు లేని చేతులు చూసి, కూతురి భుజం పట్టి లేపేసింది.

"ఇందుమతిగారూ, ముత్తయిదువ చేతి పువ్వులని రాశారు. ఈవిడెవరు?"

కాఫీ గ్లాసులతో వచ్చిన ఇందుమతి రెప్ప కూడా వేయలేదు. "పనికొత్తాదండి. ముక్కలు కత్తిరించి పెడతాదంతే. పువ్వు చేసేది నేనే."

హైమ తలెత్తి తోటికోడలి వంక చూసింది. ఒకే కంచంలో తిన్న తోటికోడలు. తెరకు అవతల సూరమ్మ కూడా ఉంది, ఆవిడకు చెవుడు లేదు. కన్నకొడుకు పెళ్ళాన్ని పనిమనిషిని చేస్తుంటే ఆవిడ దగ్గు కూడా దగ్గలేదు. లిఖిత మాత్రం "అమ్మా, ఆవిడే చేత్తందే, నేను చూశాను" అని గొణిగింది. తల్లి ఒక్క చూపు చూసేసరికి ఆ పిల్ల నోరు మూసుకుంది. ఆ పిల్ల మీద కూడా నాకు కోపమే.

"ఇది వద్దు. మిగతావి ఇయ్యండి" అన్నారు భ్రమరాంబగారు. ఇందుమతి నన్ను లాక్కుని పీలికల సంచిలోకి విసిరేసింది. పళ్ళెంలోని పువ్వులన్నీ ఆ తల్లి కళ్ళకు అద్దుకుని తీసుకుంది. అన్నీ హైమ చేసినవే. ఏ దారాన్ని హైమ పళ్ళతో తెంపలేదు? ఏ రేకుకు ఆమె ఊపిరి తగలలేదు? అవన్నీ శుభమట, నేనొక్కదాన్నీ అశుభమట. ఎందుకంటే నన్ను చేస్తుండగా చూశారు, మిగతావాటిని చూడలేదు. వీళ్ళ శుభం కళ్ళు మూసుకుంటే చాలు, దానంతటదే వచ్చేస్తుంది.

వాళ్ళను కారు దాకా సాగనంపడానికి ఇందుమతి వీధిలోకి వెళ్ళింది. హైమ సంచిలో చెయ్యి పెట్టి నన్ను వెతికి తీసింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నా రేకులకు అంటిన పీలికలు దులిపి, తన జడ ముందుకు వేసుకుని, కొసన బిగించింది. తర్వాత తెర ఎత్తి ముందు గదిలోకి నడిచింది.

సూరమ్మ నోరు తెరిచింది. "అదేటే, మళ్ళీ గుడ్డ..."

"గుడ్డ కాదండి అత్తయ్యా. పువ్వే. పువ్వే పెట్టుకున్నాను."

బల్ల మీద ఫోను మోగింది. హైమ ఎత్తింది. అటువైపు ఎవరో అడిగారు, ముత్తయిదువ చేతి పువ్వులు మీవేనా అని.

"పువ్వులు చేసేది నేనండి. నా పేరు హైమ. మా ఆయన పోయి మూడేళ్ళయ్యింది. ఆనక అనుకోకుండా ముందే చెప్పేత్తన్నాను."

అటువైపు వాళ్ళు ఫోను పెట్టేశారు. గుమ్మంలోకి వచ్చిన ఇందుమతి ముఖం పాలిపోయింది. చెయ్యి చాపింది.

"ఆ ఫోనిలాగియ్యి హైమా. ఇల్లు ముంచేత్తావా ఏంటి?"

"నేను పనిమనిషినైతే ఇల్లు మునిగేదేముంది అక్కా?"

ఫోను మళ్ళీ మోగింది. హైమ ఇవ్వలేదు. తనే ఇందుమతి కూర్చునే కుర్చీ లాక్కుని, అందులో కూర్చుని, నేనున్న జడ వీపు మీదికి వేసుకుని ఫోను ఎత్తింది.

"చేసేది నేనండి," అంది.