రెండో సాక్షి

ఆరు పేజీల వీలునామాకి ఎడమ పక్కన దబ్బనంతో మూడు రంధ్రాలు పొడిచి, తెల్లదారం దూర్చి, ముడి బిగించి, మిగిలిన కొసను పంటితో కొరికాడు గుమాస్తా. కత్తెర బల్లమీదే ఉంది. ముప్ఫై ఎనిమిదేళ్లుగా కత్తెర అక్కడే ఉంది, ముప్ఫై ఎనిమిదేళ్లుగా అతను పంటితోనే కొరుకుతున్నాడు. ఇప్పుడా పన్ను కదులుతోంది కూడా. పిన్ను కొడితే ఎవడైనా ఒక కాగితం లాగేసి ఇంకోటి దూరుస్తాడని పెద్ద లాయరుగారు నేర్పిన కుట్టు అది. ఆయన పోయి, ఆ కుర్చీలోకి కొడుకు వచ్చి పన్నెండేళ్లయినా కుట్టు మారలేదు.

చూడగానే గుర్తుండిపోయే మనిషి కాదు గుమాస్తా. పీలగా, మెడ కొంచెం ముందుకు వాలి, మధ్యవేలి పక్కన పెన్ను ఒత్తిన కాయతో ఉంటాడు. ఎవరింటికి వెళ్లినా చివరి కుర్చీ చూసుకుంటాడు, అది లేకపోతే గుమ్మం పక్కన నిలబడతాడు. భార్య పోయి ఆరేళ్లు. పిల్లల్లేరు. ఊరందరికీ వీలునామాలు రాస్తావు, నీదెప్పుడు రాస్తావురా అని అక్క అడిగితే, "రాయడానికేముందక్కా, గొడుగు నువ్వు తీసుకో" అంటాడు. అతనికి ఉన్న గర్వమల్లా ఒక్కటే. తను తయారుచేసిన వీలునామా ఇంతవరకూ ఏ కోర్టులోనూ వీగిపోలేదు.

దానికో కారణముంది. సంతకం పెట్టే ముందు ప్రతి సాక్షినీ ఒక మాట అడుగుతాడు: "మీరు వీళ్లకేమవుతారు?" ఆస్తి దక్కేవాళ్లుగానీ, వాళ్ల భార్యగానీ భర్తగానీ సాక్షి సంతకం పెట్టకూడదు. క్రైస్తవుల వీలునామాలో అలా పెడితే కాగితం చెల్లుతుంది, వాళ్లకిచ్చింది మాత్రం చెల్లదు.

ఆ ఉదయం ఫ్యాను తిరగడం లేదని పిలిపించిన ఎలక్ట్రీషియన్ నిచ్చెన మీద నిలబడి, కిందికి చూసి నవ్వాడు.

"నన్ను గుర్తుపట్టినట్టు లేరు సార్. లెక్కల టీచరమ్మగారింట్లో, నాలుగేళ్లవుతుందేమో, నాతో సంతకం పెట్టించారు."

"ఆఁ, స్విచ్చు బాగుచేస్తున్నావు కదూ. పక్కింటాయన వస్తానని రాలేదు. ఆ వానలో దేవుడిలా దొరికావు నువ్వు."

"పనికి రాలేదు సార్ ఆ రోజు. మా ఆవిడకి క్యారేజీ ఇద్దామని వస్తే, ఎలాగూ వచ్చావుగా, ఆ స్విచ్చు చూసిపో అంది."

"మీ ఆవిడా?"

"ముందుగదిలో మిషను కుడుతుంది కదా సార్. టీచరమ్మగారికి అన్నం పెట్టడం, స్నానం చేయించడం, అన్నీ తనే. ఇప్పుడైతే ఇద్దరం అక్కడే ఉంటున్నాం."

గుమాస్తా లేచి బీరువా తీశాడు. కాగితం దొరకడానికి నిమిషం పట్టలేదు, అతని బీరువాలో ఏదీ దొరకడానికి నిమిషం పట్టదు. మొదటి సాక్షి తను. రెండో సాక్షి ఈ నిచ్చెన మీది మనిషి. రెండు గదులూ వంటిల్లూ ఉన్న ఆ ఇల్లు రాసింది కుట్టుపని చేసే ఆమెకి, అంటే అతని భార్యకి. వాన పడుతోంది, టీచరమ్మకు ఆయాసంగా ఉంది, గబగబా కానిద్దామనుకున్నాడు. జన్మలో ఒక్కసారి ఆ ప్రశ్న అడగలేదు, ఆ ఒక్కసారే కొంప మునిగింది. టీచరమ్మ క్రైస్తవురాలు, ఇప్పుడు కన్నుమూస్తే ఇల్లు ఆవిడ అన్న కొడుకులకి పోతుంది. ఆవిడ మంచం పట్టి రెండేళ్లయినా గుమ్మం తొక్కని వాళ్లకి.

ఇల్లు తనకు రాశారని కుట్టుపని ఆమెకు తెలియదు. చెప్పొద్దంది టీచరమ్మే. "తెలిస్తే రేపట్నించి నాకు ఎదురు చెప్పడం మానేస్తుంది. నాకేం తోస్తుంది ఇక?"

సరే, మునిగిపోయిందేమీ లేదు. టీచరమ్మ బతికే ఉంది, బుర్ర పాదరసం. రెండు పేజీలు కొత్తగా రాసి, సంబంధంలేని సాక్షిని తీసుకెళ్తే అరగంట పని. వరండాలోకి వెళ్లి ఫోను చేశాడు. పదిన్నరయింది.

"ఏంటయ్యా, ఉన్నానో పోయానో కనుక్కుందామనా?" అంది టీచరమ్మ.

"అవేం మాటలండీ. ఆ కాగితంలో చిన్న సవరణ. మీ సంతకం కావాలి."

"తప్పెవరిది?"

ఇక్కడ చెప్పాలి. గొంతుదాకా వచ్చింది కూడా.

"టైపులో పడిందండి."

"నా క్లాసులోనైతే సున్నా వేసేదాన్ని. చిన్నదే అంటున్నావుగా, తీరిగ్గా రా. నేనెక్కడికి పోతాను, మంచం దిగితే కదా."

ఇల్లు చేజారుతుందండీ అని ఒక్క ముక్క చెప్పి ఉంటే, ఉన్నపళంగా రమ్మనేది. ఆ ముక్క చెప్పలేకపోయాడు.

కొత్త కాగితం పదకొండింటికల్లా తయారైంది, కంప్యూటరులో. ప్రింటరు మాత్రం చిన్న లాయరుగారి గదిలో ఉంది. చిన్న లాయరుగారు మంచివాడు. చెబితే కారు తాళాలు తీసుకుని తనే బయల్దేరేవాడు, "పోనీలెండి బాబాయ్, ఎవరికైనా జరుగుతుంది" అనేవాడు. ఆ పోనీలెండి వినడానికే గుమాస్తాకి ప్రాణం ఒప్పలేదు. తిట్టేవాడైతే చెప్పేసి ఉండేవాడేమో. ఆయన భోజనానికి వెళ్లాక ప్రింటు తీసుకుందామనుకున్నాడు.

పన్నెండింటికి చిన్న లాయరుగారు తలుపు తీసి, "ఏంటి బాబాయ్, పొద్దుట్నుంచీ తెగ టైపు చేస్తున్నారు?" అన్నాడు.

"పాతదానికి నకలండి."

అది రెండో అబద్ధం. ఒంటిగంటకు భోజనానికి కదలాల్సిన లాయరుగారు, ఎవరో అన్నదమ్ములు గోడ తగాదాతో వచ్చి కూర్చుంటే, వాళ్లకి పొరుగుగోడ ధర్మం బోధిస్తూ ఉండిపోయాడు. గుమాస్తా లేచి నిలబడ్డాడు, మళ్లీ కూర్చున్నాడు. నీళ్లు తాగాడు. చేత్తో రాసినా వీలునామా చెల్లుతుంది. అది అతనికి తెలియక కాదు. చేత్తో రాసిన కాగితం పట్టుకుని అతను ఏనాడూ ఎవరి గడపా తొక్కలేదు, అంతే. ఆ పాడు నిక్కే అతన్ని కుర్చీలో కట్టేసింది.

రెండింటికి పది నిమిషాలుండగా కారు కదిలింది. ప్రింటు తీశాడు. రెండు పేజీలే అయినా కుట్టాడు. కింద జెరాక్స్ షాపామెను సాక్షిగా రమ్మన్నాడు. టీచరమ్మ ఇల్లు పది నిమిషాల నడక. ఆ పది నిమిషాల్లోనూ మూడుసార్లు అడిగాడు, టీచరమ్మగారికి మీరేమీ కారు కదా అని.

"ఆవిడ మొహమే చూడలేదండీ నేను. ఏం, పెళ్లి సంబంధమా, ఇన్నిసార్లడుగుతారు?" అంది ఆమె.

మెట్ల మీద ఎలక్ట్రీషియన్ మోకాళ్లు పట్టుకుని కూర్చున్నాడు. వీళ్లని చూసి లేచి దారిచ్చాడు. లోపల కుట్టుమిషను మీద సగం కుట్టిన జాకెట్టు సూది కింద అలాగే ఉంది.

"పావుగంటయిందండి," అంది కుట్టుపని ఆమె, మంచం పక్కనుంచి. ఆమె గొంతు మామూలుగానే ఉంది, చేతులే దుప్పటి అంచు వదలడం లేదు. "దాహమంది. నీళ్లు తెచ్చేలోపు... మీరొస్తారని తల దువ్వించుకుంది. కళ్లజోడు తుడిపించుకుంది. దిండ్లు ఎత్తుగా పెట్టించుకుని పన్నెండు నుంచీ అలా కూర్చునే ఉంది. గుమాస్తా అంటే గంట కొట్టినట్టు వస్తాడు, ఇవాళేమైందే అని రెండుసార్లడిగింది."

గుమాస్తా గుమ్మం పక్కనే నిలబడిపోయాడు. ఈసారి కుర్చీ ఉంది.

"ఏదో చిన్న సవరణంటగా," అంది ఆమె.

"చిన్నది కాదమ్మా," అన్నాడు. "ఈ ఇల్లు ఆవిడ నీకు రాసింది. నీ భర్తచేత సాక్షి సంతకం పెట్టించి నేను పోగొట్టాను. ఇవాళే దిద్దుకోగలిగేవాళ్లం. పదిన్నరకే రాగలిగేవాణ్ణి. తప్పు చెప్పుకోవడానికి సిగ్గుపడి రాలేదు."

ఆమె భర్త వైపు చూసింది, తర్వాత గోడల వైపు, మొదటిసారి చూస్తున్నట్టు. "ఇల్లు నాకు రాసిందా," అంది. పోయినదాని గురించి ఏమీ అడగలేదు. అది వింటే గుమాస్తాకి ఏడుపాగలేదు. అరవై రెండేళ్ల మనిషి, పరాయి ఇంట్లో, జెరాక్స్ షాపామె చూస్తుండగా ఏడ్చాడు.

మంచం పక్క స్టూలు మీద నీళ్లగ్లాసు, దాని పక్కన మూత తీసిన పెన్ను, నాలుగు మడతలు పెట్టిన ఆనాటి పేపరు ఉన్నాయి. ఆ పేపరు అంచున టీచరమ్మ చెయ్యి కుదురుతుందో లేదో చూసుకుని పెట్టిన సంతకాలు మూడు, మొదటిది వణికి, రెండోది వంకరపోయి, మూడోది నల్లబల్ల మీద రాసినట్టు గుండ్రంగా, పూర్తిగా.